సీసా మీది మొహం

కొత్త లేబుళ్ళు అంటించిన నమూనా సీసాలు మూడింటిని తమ్ముడు తెచ్చి, రుచి చూసే గదిలో పొడవాటి బల్ల మీద వరసగా నిలబెట్టాడు. అక్కను పిలుచుకు రమ్మని పీపాల మేస్త్రిని నేలమాళిగలోకి పంపి, తను కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అక్క మెట్లెక్కి వచ్చింది. కాళ్ళకు రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, గోళ్ళ సందుల్లో వదలని ఊదారంగు. ఆ వైనరీలో వైన్ తయారుచేసేది ఆమె. అమ్మేది తమ్ముడు. నాన్న పోయి ద్రాక్షతోట ఇద్దరి చేతికీ వచ్చినప్పుడే ఒక మాట అనుకున్నారు. తయారీలో తమ్ముడు వేలు పెట్టకూడదు, అమ్మకంలో అక్క వేలు పెట్టకూడదు. ఆ మాట మీదే ఇన్నేళ్ళూ పెద్ద గొడవలు లేకుండా నెట్టుకొచ్చారు.

పనివాళ్ళు ఆమెను చాటుగా ముక్కక్క అంటారు. మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే పీపాలో ఏం జరుగుతోందో చెప్పేస్తుంది. ఆ ముక్కు మీదే కోపం కూడా. పేరు పెట్టింది ఎవరో, ఎందుకో ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది, ఎందుకంటే రెండూ నిజమే.

బల్ల దగ్గరికొచ్చి మొదటి సీసా చేతిలోకి తీసుకుంది.

లేబుల్ మీద ఒక ముసలమ్మ ఉంది. తలకు చుక్కల గుడ్డ, మొహం నిండా ముడతలు, ముందు పళ్ళు రెండు లేవు. పాదాల దగ్గర ద్రాక్ష తొట్టి. బొమ్మ కింద గుండ్రటి అక్షరాల్లో ‘అవ్వ చేతి చలవ’ అని ఉంది. మొదట ఆమెకు ఏమీ అనిపించలేదు. సబ్బు పెట్టెల మీదా, జామ్ సీసాల మీదా ఇలాంటి అవ్వలు బోలెడుమంది ఉంటారు. తర్వాత ఎడమ కనుబొమ్మ కనిపించింది. దాన్ని రెండు ముక్కలు చేస్తూ ఏటవాలుగా ఒక గాటు.

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే తన కనుబొమ్మ మీదికి పోయింది. చాలా ఏళ్ళ కిందట పీపాకు బిగించిన ఇనుపపట్టీ తెగి ఎగిరి కొట్టిన చోటు అది.

“ఎవరు ఈవిడ?” అంది.

“అవ్వ. ఊరికే, ఊహించి వేసిందిలే అక్కా.”

“ఏ అవ్వ? మన అవ్వ వైన్ వాసన తగిలితే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునేది. కుళ్ళిన నీళ్ళు అమ్ముకుని బతుకుతున్నాడని నాన్నని సచ్చేదాకా తిట్టింది. ఆవిడ చేతి చలవా ఇది?”

“ఆవిడ సంగతి ఎవరికి తెలుసక్కా.”

“నాకు తెలుసు. సరే, ఈ గాటు ఎవరిది?”

తమ్ముడు నీళ్ళు నమిలాడు. పోయిన కోతలప్పుడు ఫోటోలు తీసుకుపోయిందే బొమ్మలమ్మాయి, వాటిని చూసి గీసినట్టుంది, అన్నాడు. పట్నంలో లేబుళ్ళు గీసే ఆ డిజైనర్‌ను ఇంట్లో అందరూ బొమ్మలమ్మాయి అనే పిలుస్తారు. ఫోటోలు వెబ్‌సైటు కోసమని అప్పుడు అక్కతో చెప్పారు.

అక్క సీసా వెనక్కి తిప్పింది. వెనక చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలున్నాయి. ‘మా అవ్వ బడి మొహం చూడలేదు. ఆమెకు లెక్కలు రావు, యంత్రాలు తెలియవు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే చాలు, ద్రాక్ష ఆమెతో మాట్లాడేది. ఆ మాటే ఈ సీసాలో ఉంది.’

రెండుసార్లు చదివింది.

బడి మొహం చూడలేదట. నీకు ముక్కుంది చాలదా, చదువెందుకు అన్న నాన్నతో ఏడాది పొడవునా పోట్లాడి వెళ్ళి రసాయనశాస్త్రం చదివింది ఆమె. సెలవుల్లో పరాయివాళ్ళ వైనరీల్లో ట్యాంకుల్లోకి పాక్కుంటూ దిగి కడిగింది. అరచేతులు పగిలి రక్తం వచ్చేది. తిరిగొచ్చేటప్పటికి నాన్న వైన్ ఒక ఏడాది బాగుంటే ఇంకో ఏడాది పులిసి వెనిగర్ అయ్యేది. చల్లబరిచే ట్యాంకులు పెట్టించింది ఆమె. మురికి పీపాలు తగలబెట్టించింది ఆమె. ద్రాక్ష ఆమెతో ఏనాడూ మాట్లాడలేదు. గొట్టంలో రసం తీసి, కొలిచి, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటే తప్ప ఒక్క సంగతీ చెప్పలేదు.

“ఇది తీసెయ్యి,” అంది.

“అక్కా, జనం వైన్ కొనరు. కథ కొంటారు. స్టీలు ట్యాంకులూ థర్మామీటర్లూ చూపిస్తే ఎవడు కొంటాడు చెప్పు. పైగా అమ్మకం నాది అనుకున్నాం కదా.”

“అమ్మకం నీది. మొహం నాది.”

సీసాను బల్ల మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి మెడ సాచి చూస్తున్న పీపాల మేస్త్రి, ఆమె దాటి వెళ్తుంటే మర్యాద కోసం ఏదో ఒకటి అనాలని, “మీ అమ్మమ్మగారా అమ్మా? మీ పోలికే,” అన్నాడు. ఆమె చూసిన చూపుకు రెండు మెట్లు వెనక్కి దిగాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె పట్నం వెళ్ళింది.

బొమ్మలమ్మాయి గది చెప్పులు కుట్టే దుకాణం పైన ఉంది. గోడలనిండా షాంపూ సీసాల లేబుళ్ళు, బిస్కెట్ డబ్బాల నమూనాలు. అమ్మాయి వేళ్ళకు ఎండిన జిగురు అంటుకుని ఉంది. అక్కను చూసి సంబరంగా లేచి కుర్చీ లాగింది. ఆ సంబరం చూసేసరికి అక్కకు ఒళ్ళు మండిపోయింది.

“కూర్చోవడానికి రాలేదు. ఎవరినడిగి నా మొహం వాడుకున్నావు?”

అమ్మాయి మొహం పాలిపోయింది. “మీరు ఒప్పుకున్నారని సార్ చెప్పారే మేడమ్. మీకు సిగ్గెక్కువట, అందుకే రాలేదని అన్నారు.”

“నాకు సిగ్గా?”

“అలా అన్నారు.”

అక్క గోడ వైపు తిరిగింది. గోడకు గుచ్చిన కాగితాల్లో తమ వైనరీ పేరున్నవి నాలుగు కనిపించాయి. అన్నింటికంటే మొదటిదానిలో మనిషి బొమ్మే లేదు. తోట ఉన్న గుట్ట వాలు ఒకే గీతలో ఉంది. దాని కింద వైన్ రకం, ఏడాది. అంతే.

“అది నాకు నచ్చింది మేడమ్,” అంది బొమ్మలమ్మాయి ఆమె చూపు పట్టుకుని. “సార్‌కి నచ్చలేదు. దగ్గు మందు సీసాలా ఉందన్నారు. తర్వాత అవ్వ కావాలన్నారు. గాటు కూడా తీసెయ్యమన్నారు. నేనే ఉంచాను.”

“ఎందుకూ?”

“అది తీసేస్తే ఆ మొహం ఎవరిదీ కాకుండా పోతోంది. బొమ్మలో ప్రాణం ఉండట్లేదు.”

“నీ బొమ్మకు ప్రాణం రావడం కోసం నా వయసుకు ముప్ఫయ్యేళ్ళు కలిపి, పళ్ళు పీకి, చదువు మాన్పించావు.”

“వెనక రాసింది నేను కాదు మేడమ్. సార్ రాసిచ్చారు.” ఆ పిల్ల తల దించుకుని గోటితో జిగురు గీక్కుంది. తర్వాత మెల్లగా అంది: “కానీ మిమ్మల్ని ఒక మాట అడగాల్సింది. ఫోన్ చేస్తే సరిపోయేది. తప్పే.”

తప్పని అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆ పిల్ల మీద ఇంకేం అరవాలో అక్కకు తోచలేదు. అరవడానికి సిద్ధం చేసుకున్నదంతా గొంతులోనే ఉండిపోయింది. దాన్ని అలాగే మోసుకుంటూ ఇంటికొచ్చింది. దారి పొడవునా ఒకటే మాట బుర్రలో తిరిగింది. సిగ్గెక్కువట.

వైనరీ పక్కనే తమ్ముడి ఇల్లు. తమ్ముణ్ణి నిలదీద్దామని నేరుగా అక్కడికే వెళ్ళింది. తమ్ముడు లేడు. మరదలు వంటింట్లో ఇస్త్రీ చేస్తోంది. వచ్చినవాళ్ళకు గదులు చూపించడం, గ్లాసులు అందించడం, అందరితో నవ్వుతూ మాట్లాడటం ఆమె పని. మంచిదే. ఎవరి మనసూ నొప్పించదు, కానీ ఏ మాట ఎక్కడ తగులుతుందో చూసుకోదు.

“రండి వదినా, సరిగ్గా సమయానికి వచ్చారు,” అంటూ ఇస్త్రీ చేసిన బట్టలు రెండు చేతుల్లోకి తీసి చూపించింది. చుక్కల తలగుడ్డ, పాదాల దాకా వచ్చే తెల్లటి ఏప్రాన్.

“ఏమిటివి?”

“రేపు మేనేజరమ్మ వస్తోంది కదా మన వైన్ కొనడానికి, ఆ పెద్ద దుకాణాల తరఫున. ఆవిడ రుచి చూసేటప్పుడు మీరు ఇవి కట్టుకుని ఆ మూల కుర్చీలో కూర్చుంటే చాలు. మీరేం మాట్లాడక్కర్లేదు. మాట్లాడకపోతేనే మంచిదన్నారు మీ తమ్ముడు.”

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ వంటింట్లో నిలబడి అక్క తెలుసుకుంది. అయినా గొంతు పెంచలేదు.

“నీకూ నాకూ ఎంత తేడా?” అని అడిగింది.

మరదలు లెక్క వేసుకుంది. “అయిదేళ్ళు అనుకుంటా వదినా.”

“మరి నువ్వే కట్టుకుని కూర్చోవచ్చు కదా.”

“నా మొహం ఆ బొమ్మలా లేదు కదండీ,” అంది మరదలు, అందులో ఏ దురుద్దేశమూ లేకుండా. “ఎంత ముద్దుగా ఉందో వదినా ఆ బొమ్మ. నిజంగా.”

అక్క ఆ గుడ్డను వేళ్ళతో పట్టుకుని చూసి, తిరిగి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. “రేపు వస్తాను,” అంది. “తప్పకుండా వస్తాను. మీ ఆయనకు చెప్పు.”

మరదలు సంతోషించింది.

మేనేజరమ్మ పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టుతో, చేతిలో చిన్న సంచీతో ఒంటరిగా వచ్చింది. సెంటు పూసుకోలేదు. లిప్‌స్టిక్ లేదు. గ్లాసు అంచు దగ్గర అవి వైన్‌ను ఎంత పాడుచేస్తాయో తెలిసిన మనిషి. అది చూసి అక్కకు ఆవిడ మీద గౌరవం కలిగింది. అక్క పని బట్టలతోనే, తడి బూట్లతోనే వచ్చి బల్లకు ఈ చివర నిలబడింది. తమ్ముడు ఆ బూట్లు చూసి కళ్ళతోనే ఏదో అడిగాడు. మరదలు మూల కుర్చీ వైపు చూసింది.

తమ్ముడు ముందు తెల్లది పోశాడు. మేనేజరమ్మ గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లోకి తీసుకుని కాసేపు ఉంచుకుని, వైన్ రుచి చూసేవాళ్ళ పద్ధతిలో పక్కన బకెట్‌లో ఉమ్మేసింది. బాగుంది, శుభ్రంగా ఉంది, అంది. గులాబీ రంగుది రుచి చూసి, ఎండాకాలం బాగా పోతుంది, అంది. ఈలోగా సీసా చేతిలోకి తీసుకుని అవ్వను చూసి నవ్వింది.

“ఈవిడ ఇంకా ఉన్నారా?”

తమ్ముడు ఒకసారి అక్క బూట్ల వైపు చూశాడు. “లేరండీ. పోయారు పాపం.”

“పోలేదు,” అంది అక్క. “ఇక్కడే ఉన్నాను.”

మరదలు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“ఆ మొహం నాది,” అంది అక్క కనుబొమ్మ చూపిస్తూ. “గాటు చూడండి. నాకు యాభై మూడేళ్ళు, పళ్ళన్నీ ఉన్నాయి. వెనక రాసిన అవ్వ ఎవరూ లేరు. మా ఇంట్లో ఉన్న అసలు అవ్వ వైన్ ముట్టుకోలేదు. ఇవి చేసింది నేను. బడికి వెళ్ళాను, ఆ తర్వాత ఇంకా చాలా చదివాను.”

“అక్కా,” అన్నాడు తమ్ముడు.

“ఎర్రది పొయ్యి,” అంది.

పోశాడు. బల్ల మీద ఒక చుక్క పడింది. మేనేజరమ్మ ఆ గ్లాసును అన్నింటికంటే ఎక్కువసేపు ముక్కు దగ్గర పెట్టుకుంది. అక్క చెప్పింది: ఆ ద్రాక్ష కోసిన ఏడాది, కోతల ముందు వాన పట్టుకుంది. చుట్టుపక్కల తోటలవాళ్ళంతా భయపడి పచ్చిగా ఉండగానే కోసేశారు. కోసెయ్యమని తమ్ముడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆమె ఆగింది. కొంత పంట కుళ్ళిపోయింది. మిగిలినదాన్ని గుత్తి గుత్తికీ చేత్తో ఏరించింది. పాత పీపాల్లో పెట్టి రెండు చలికాలాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇంకా సీసాల్లో నింపలేదు. ఈ నమూనా కోసం పీపాలోంచి తీసిందే.

మేనేజరమ్మ ఈసారి ఉమ్మెయ్యలేదు. మింగింది.

“ఇది చాలా మంచి వైన్,” అంది. ఇంకే అలంకారమూ చేర్చకుండా అంది కాబట్టి అక్క నమ్మింది. ఒక్క క్షణం ఆమె భుజాలు తేలికపడ్డాయి.

మేనేజరమ్మ గ్లాసు పెట్టేసి సంచీ భుజానికి తగిలించుకుంది. “మీరు చెప్పింది నిజమేనని నాకు తెలుస్తోంది. నాలుక్కి తెలుస్తోంది. కానీ మా దుకాణంలో ఈ సీసాలు కొనేవాళ్ళు ముందు రుచి చూడరు. నడిచిపోతూ ఒక చూపు చూస్తారు. ఆ చూపులో మీరు పట్టరమ్మా. అవ్వ పడుతుంది. నాకు అవ్వతోనే కావాలి, మూడు రకాలూ. ఇదే లేబుల్ అయితే పెద్ద ఆర్డర్ ఇస్తాను. వారం చివరికల్లా చెప్పండి.”

“అబద్ధమని తెలిసి కూడానా?” అంది అక్క.

“బొమ్మండీ అది. బొమ్మని ఎవరూ సాక్ష్యం అడగరు.” ఆవిడ మర్యాదగానే చెప్పి, అందరితో చేతులు కలిపి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ అక్క ఒకటి అనుకుంటూ వచ్చింది. ఈ వైన్ చేసేది తనేనన్న నిజం ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, చెబితే చాలు అని. ఇప్పుడు చెప్పింది. విన్నారు. నమ్మారు. నమ్మి, పక్కన పెట్టేసి, అవ్వను తీసుకున్నారు. తమ్ముడి మీద వచ్చిన కోపం కంటే ఇది పెద్దది. దీన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అందుకని తమ్ముడి మీదే చూపించింది.

పెరట్లో, ఖాళీ పీపాల మధ్య, ఇద్దరూ మాటలతో ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు.

“నాకు సిగ్గెక్కువని చెప్పావా ఆ పిల్లతో?”

“మరేం చెప్పను? అడిగితే నువ్వు ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట.”

“అవును, తెలిసే.” తమ్ముడి మొహం కూడా ఎర్రబడింది. “నువ్వు కింద చల్లగా కూర్చుని పీపాలు వాసన చూస్తావు. నేను సీసాలు సంచీలో వేసుకుని వాళ్ళ ఆఫీసుల వరండాల్లో పడిగాపులు పడతాను. అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తారు నన్ను. మొదట్లో నీ పేరే చెప్పాను అక్కా. మా అక్క చదువుకుంది, మా అక్క ఇలా చేస్తుంది, అలా చేస్తుంది అని. ఆవులించారు. నీ మొహం చూసి ఎవరూ కొనరు. కోపం తప్ప ఏముంది నీ మొహంలో? ముసలిదాన్ని చేసి నవ్విస్తే కొంటున్నారు. నన్నేం చెయ్యమంటావు?”

పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పీపాల మేస్త్రి వినపడనట్టు ఒక ఖాళీ పీపాను ఇటు నుంచి అటు దొర్లించి, మళ్ళీ అటు నుంచి ఇటు దొర్లించాడు.

అక్క నేలమాళిగ మెట్ల వైపు తిరిగి అంది: “సరే. తయారీ నాది. సీసాల్లో నింపడం తయారీలోకే వస్తుంది. నేను నింపను.”

నేలమాళిగలోకి దిగి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మరదలు మధ్యలో తిరిగింది. ఒకే పెరట్లో, ఒకరి మాట ఒకరికి వినపడేంత దూరంలో నిలబడి కూడా, “వదినా, రేపైనా నింపడం మొదలుపెడతారా అంటున్నారు,” అని ఆమె అడగాలి. “ఆ బొమ్మ పీకేస్తే ఇవాళే మొదలుపెడతానని చెప్పు,” అని అక్క అనాలి. “ఆవిడ ఏమంటోంది?” అని తమ్ముడు, అంతా విని కూడా, మళ్ళీ అడగాలి. రెండో రోజుకి మరదలు తలనొప్పి వచ్చి పడుకుంది. దాంతో ఇక ఎదురెదురుగా మాట్లాడక తప్పలేదు.

అక్కే వెళ్ళింది. తమ్ముడు రుచి చూసే గదిలో గ్లాసులు తుడుస్తున్నాడు.

“అవ్వ ఉండాల్సిందేనా?” అంది.

“ఉండాల్సిందే.”

“మన ఇంటి మొహమే ఉండాలి, బొమ్మలో ప్రాణం ఉండాలి. అంతేనా?”

“అంతే.”

“అయితే నీ మొహం పెట్టు. నీ మొహంతో అవ్వ వస్తే ఆ పూటే నింపడం మొదలుపెడతాను.”

తమ్ముడు నమ్మలేనట్టు చూసి, తర్వాత నవ్వేశాడు. ఇంతేనా, ఇంత తేలిగ్గా పోతుందా అనుకున్నాడు. “నీ పంతం తీరితే చాలు. రమ్మను ఆ పిల్లని.”

బొమ్మలమ్మాయి కాగితాలూ పెన్సిళ్ళూ తెచ్చుకుని మధ్యాహ్నానికి వచ్చింది. తమ్ముడు మూల కుర్చీలో కూర్చున్నాడు. మరదలే మంచం దిగి వచ్చి అతని తలకు చుక్కల గుడ్డ కట్టి, ఏప్రాన్ తొడిగింది. నవ్వు ఆపుకోలేక ఆమె చేతులు జారాయి. తమ్ముడు కూడా మొదట్లో సరదాగానే ఉన్నాడు. గుమ్మంలో పీపాల మేస్త్రి, ఇంకా ఇద్దరు పనివాళ్ళు చేరారు. వాళ్ళు నవ్వలేదు, నవ్వకూడదని పెదాలు బిగబట్టారు. అది చూశాక తమ్ముడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

“కొంచెం నోరు తెరవండి సార్. పళ్ళు లేనట్టు నవ్వాలి,” అంది బొమ్మలమ్మాయి.

“అది ఊహించుకుని గియ్యలేవా?”

“చూసి గీస్తేనే బాగుంటుందండీ.”

అతను నోరు తెరిచాడు. పిల్ల చకచకా గీసింది. ముడతలు వచ్చాయి, గడ్డం కింద వేలాడే కండ వచ్చింది, అతని పెద్ద చెవులు తలగుడ్డ కిందనుంచి పొడుచుకొచ్చాయి. గీసిన కాగితం బల్ల మీద పెట్టింది. చూసినవాళ్ళెవరికీ అది ఎవరో చెప్పక్కర్లేదు.

అక్క జేబులోంచి చీటీ తీసింది. “వెనక రాసేది కూడా మార్చాలి కదా, మొహం మారింది కాబట్టి,” అని గొంతు సవరించుకుని చదివింది. “‘మా అవ్వకు అమ్మడం రాదు. ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియదు. ఊరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆమె ఏమీ చెయ్యకుండానే సీసాలు వాటంతటవే నడుచుకుంటూ దుకాణాలకు పోయేవి.’”

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు.

తమ్ముడు తలగుడ్డ లాగేశాడు. ముడి బిగుసుకుని చెవి దగ్గర తెగింది. “వాటంతటవే పోయేవా? నేను తిరిగిన తిరుగుడు నీకేం తెలుసు? నా నడుం విరిగింది ఆ కార్లో తిరిగి తిరిగి. ఎవడెవడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డానో...” అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

అక్క ఎదురుచూసింది. ఆ వాక్యం పూర్తిచేస్తాడని, చేసి ఒకసారి తన వైపు చూస్తాడని. బొమ్మలమ్మాయి పెన్సిల్ కింద పెట్టి నేల చూసింది.

“ఇది వద్దు,” అన్నాడు తమ్ముడు చివరికి, కాగితాన్ని బోర్లా తిప్పి.

“ఎందుకు?”

“వద్దంటున్నానుగా.”

“నా మొహంతో బాగుంది. నీ మొహంతో ఎందుకు బాగాలేదు?”

“ఇద్దరివీ వద్దు. అవ్వే వద్దు. సరేనా?” ఏప్రాన్ విప్పి కుర్చీ మీద పడేసి, పనివాళ్ళను తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

గెలిచానని అక్కకు అనిపించలేదు. తన మొహం లోకానికి చూపిస్తే అతనికి ఏమీ కాలేదు. అతని మొహం ఇద్దరు పనివాళ్ళకు చూపిస్తే కుర్చీలో కూర్చోలేకపోయాడు. ఆమె అవమానం అతనికి అర్థం కాలేదు, తన అవమానం మాత్రమే అర్థమైంది. తప్పైందని ఒక్క మాట, ఆ బొమ్మలమ్మాయి అన్నంత తేలిగ్గా ఒక్క మాట అని ఉంటే సరిపోయేదేమో. అనలేదు. కోపం ఎక్కడికీ పోలేదు.

అయినా మాట ప్రకారం పని మొదలుపెట్టింది. బొమ్మలమ్మాయి మొదట గీసిన లేబులే ఖాయమైంది, గుట్ట వాలు, రకం, ఏడాది. వెనక వైపు మాటలు అక్క రాసింది. నాలుగు వాక్యాల్లో మూడింట్లో అంకెలే ఉన్నాయి. తమ్ముడు మరదలి చేత కాగితం తిరిగి పంపాడు, అంకెలున్న వాక్యాల్లో రెండు కొట్టేసి. అక్క ఒకటి మళ్ళీ చేర్చింది. ఇంకొకటి వదిలేసింది. అడుగున ‘తయారీ: అక్క. అమ్మకం: తమ్ముడు’ అని అతని చేతిరాతలో కొత్తగా ఒక లైను ఉంది. అది ఎగతాళో, నిజంగానే రాశాడో ఆమెకు తెలియలేదు. అడగలేదు. కొట్టెయ్యనూ లేదు.

నింపే యంత్రం తిరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం తమ్ముడు నేలమాళిగ మెట్ల మీద నిలబడ్డాడు. అక్క ఖాళీ అయిన ట్యాంకు కడుగుతోంది.

“మేనేజరమ్మ ఫోన్ చేసింది,” అన్నాడు. “దగ్గు మందు సీసాలా ఉందట. సగమే తీసుకుంటుందట. ఎర్రది మాత్రం మొత్తం పంపమంది.”

“ఊ.”

అతను కదల్లేదు. ఇంకేదో వస్తుందని చూస్తున్నాడు. సగం పోయిందంటే ఆ ఏడాది ఖర్చులకు చేతులు ఎంత బిగబట్టుకోవాలో ఇద్దరికీ తెలుసు. క్షమించు అన్న మాట అక్క నాలిక చివరిదాకా వచ్చింది. అది అక్కడిదాకా వచ్చినందుకు ఆమెకు తన మీదే చిర్రెత్తుకొచ్చింది. అనాల్సింది ఎవరు, నోటిదాకా తెచ్చుకుంటున్నది ఎవరు? పళ్ళ మధ్య దాన్ని నొక్కేసింది.

“ఊరికే నిలబడకపోతే ఆ గొట్టం పట్టుకో,” అంది. “మెలి పడుతోంది.”

తమ్ముడు కిందికి దిగి, మంచి బూట్లు తడుస్తున్నా పట్టించుకోకుండా గొట్టం ఎత్తి పట్టుకున్నాడు. ఆమె ట్యాంకులోకి వంగి నీళ్ళు కొట్టింది. గోడలకు అంటుకున్న ఎర్రటి మడ్డి ఊడి కాలువలోకి కొట్టుకుపోయింది. నీళ్ళు తేటగా వచ్చాక ఆమె చెయ్యి ఊపింది. అతను కుళాయి కట్టేసి, గొట్టం చుట్టి మేకుకు తగిలించి, చప్పుడు చేస్తున్న తడి బూట్లతో పైకి వెళ్ళిపోయాడు.

ఆమె రెండో ట్యాంకు మూత తీసి, లోపలికి తల పెట్టి వాసన చూసింది.